పైన పెట్టిన పేరు కింద పలుకుతుంది

కంప్యూటర్ ల్యాబ్‌లో పీహెచ్‌పీ మొదలుపెట్టిన ఏ బ్యాచ్‌లోనైనా ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. పేజీ పైభాగంలో ఒక పీహెచ్‌పీ బ్లాకు తెరిచి, ఒక వేరియబుల్‌కు విలువ ఇచ్చి, బ్లాకు మూసేశాం. ఆ తర్వాత యాభై లైన్ల హెచ్‌టీఎంఎల్ ఉంది. దాని కింద మళ్లీ ఇంకో బ్లాకు తెరిస్తే, పైన పెట్టిన వేరియబుల్ అక్కడ పనిచేస్తుందా? పనిచేస్తుంది. మధ్యలో ఎన్ని లైన్లున్నా, ఎన్ని టేబుళ్లున్నా ఆ విలువ చెక్కుచెదరదు. లెక్చరర్ అవునంటారు, కుర్రాడు రాసి చూసుకుంటాడు, స్క్రీన్ మీద పేరు పడుతుంది, రికార్డులో సంతకమూ పడుతుంది.

పాఠం అక్కడితో ముగిసిపోతోంది. ఇబ్బందంతా అక్కడే ఉంది. పనిచేస్తుందన్నది సగం జవాబు. ఎందుకు పనిచేస్తుంది, ఎంతదాకా పనిచేస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది, అక్కర్లేని చోట కూడా పనిచేస్తే ఏమవుతుంది అనే మిగతా సగం చెప్పకుండానే చదువు లాగిన్ పేజీకి, అక్కణ్నుంచి షాపింగ్ కార్టుకు పరుగెత్తుతుంది. ఆ సగం తెలియకుండా బయటికొచ్చిన పిల్లలే రేపు కాలేజీ ఫీజుల పేజీలు, ఆస్పత్రి అపాయింట్‌మెంట్ల పేజీలు రాస్తారు. వేరియబుల్ పరిధికి, అంటే ఒక పేరు ఎంతదాకా పనిచేస్తుందన్నదానికి, ఒక వారమైనా కేటాయించి, ల్యాబ్ పరీక్షలో దాన్ని సూటిగా అడగాలి. అది తేలకుండా లాగిన్ పేజీ జోలికి పోకూడదు.

పీహెచ్‌పీ పని అయిపోయింది, ఇప్పుడు దానికో పాఠమా అనేవాళ్లున్నారు. డబ్ల్యూ3టెక్స్ సర్వే లెక్కల ప్రకారం, సర్వర్ వైపు ఏ భాష వాడుతున్నారో తెలిసిన వెబ్‌సైట్లలో 70 శాతానికి పైగా దానిమీదే నడుస్తున్నాయి. 2003లో వచ్చిన వర్డ్‌ప్రెస్ ఒక్కటే ప్రపంచంలోని వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా మోస్తోంది. అదే ఏడాది డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా వెనకున్న మీడియావికీ కూడా పీహెచ్‌పీలో రాసిందే. తక్కువ ఖర్చులో హోస్టింగ్ తీసుకుని సైటు పెట్టాలనుకునే చిన్న పత్రికకైనా, బడికైనా, దుకాణానికైనా ముందుగా చేతికందేది ఈ భాషే.

ఇంతకీ ఎందుకు పనిచేస్తుంది? ఎడిటర్‌లో చూసినప్పుడు పేజీ ముక్కలు ముక్కలుగా కనబడుతుంది: ఇక్కడ కాస్త హెచ్‌టీఎంఎల్, అక్కడ కాస్త పీహెచ్‌పీ. సర్వర్‌కు మాత్రం ఫైలు మొత్తం ఒకే ప్రోగ్రాము. తెరిచే ట్యాగుకూ మూసే ట్యాగుకూ బయట ఉన్న ప్రతి అక్షరాన్నీ అది ఉన్నదున్నట్టు బయటికి పంపమనే ఆదేశంగా చదువుకుంటుంది. అంటే మనం రాసిన యాభై లైన్ల హెచ్‌టీఎంఎల్ దాని లెక్కలో ఒక పొడవాటి ఎకో స్టేట్‌మెంటు. ఎకోకు ముందున్న వేరియబుల్ ఎకో తర్వాత కూడా ఎలా ఉంటుందో, బ్లాకు మూసి తెరిచాక కూడా అలాగే ఉంటుంది. ఒక బ్లాకులో లూప్ మొదలుపెట్టి, కింద టేబుల్ వరుస ఒకటి మామూలు హెచ్‌టీఎంఎల్‌లో రాసి, మరో బ్లాకులో ఆ లూప్ ముగించినా చక్కగా నడిచేది అందుకే. ఈ ఒక్క ముక్క అర్థమైతే మిగతా పాఠం సగం వచ్చేసినట్టే.

తెలుగువాళ్లకు ప్రత్యేకంగా చెప్పుకోదగ్గ సంగతి ఇక్కడ ఒకటుంది. వేరియబుల్ పేరు ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉండాలని పీహెచ్‌పీ పట్టుబట్టదు. 128 నుంచి 255 దాకా విలువున్న ఏ బైటైనా పేరులో ఉండొచ్చు. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరాల బైట్లన్నీ ఆ వరసలోవే. కాబట్టి $ధర అనో, $పేరు అనో రాస్తే భాష మారుమాట్లాడకుండా ఒప్పుకుంటుంది. <?= $ధర ?> అన్న ఈ చిన్న ముక్క 2012లో వచ్చిన 5.4 వెర్షన్ నుంచి ఏ సెట్టింగూ మార్చకుండా ఎక్కడైనా నడిచే సిసలైన పీహెచ్‌పీ. ఉద్యోగంలో నలుగురితో కలిసి రాసేటప్పుడు ఇంగ్లిష్ పేర్లే సౌకర్యం. మొదటిసారి నేర్చుకునే పిల్లలకు మాత్రం ఒకటి రెండు ల్యాబులు ఇలా రాయించడం మంచిది. ఏ పేరు దేన్ని మోస్తోందో అప్పుడు వాళ్లు కంటితో చూస్తారు. జాగ్రత్త ఒక్కటే. మాట చివర కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఒకచోట పడి మరోచోట పడకపోతే, చూడటానికి ఒకటే అయిన $ఫోన్ సర్వర్‌కు రెండు వేర్వేరు పేర్లు అయిపోతుంది.

ఆ పేర్లతోనే ఒక పేజీని దగ్గరగా చూద్దాం. గుంటూరు మిర్చి యార్డు ధరలు చూపించే పేజీ ఒకటి ఉందనుకోండి. లాగిన్ అయిన రైతు పేరు పైన $పేరులో ఉంది. నమస్కారం పక్కన అది పడుతుంది. మధ్యలో ఆ రోజు సరుకు కొన్న వ్యాపారుల జాబితా. దాన్ని లూప్‌లో తిప్పుతూ ఒక్కొక్కరినీ మళ్లీ $పేరు అనే పిలిచారు. పేజీ అడుగున మీ ఖాతా అనే పెట్టెలో మూడోసారి $పేరు వాడారు. లూప్ అయిపోయాక కూడా అందులో చివరి వ్యాపారి పేరు అలాగే ఉండిపోతుంది. రైతు ఖాతా పెట్టె మీద వ్యాపారి పేరు అచ్చవుతుంది.

సీ, జావా నేర్చుకుని వచ్చినవాళ్లకు ఇది ఒక పట్టాన మింగుడుపడదు. అక్కడ బ్రాకెట్ల లోపల పుట్టిన పేరు బ్రాకెట్ మూయగానే పోతుంది. పీహెచ్‌పీలో ఇఫ్‌కు, ఫర్‌కు, ఫోర్‌ఈచ్‌కు సొంత పరిధి లేదు. సొంత పరిధి ఉన్నది ఫంక్షన్‌కు. పేజీలో ఫంక్షన్ బయట రాసిన పేర్లన్నీ, ఎన్ని బ్లాకుల్లో చెల్లాచెదురుగా ఉన్నా, ఒకే గదిలో ఉన్నట్టు లెక్క.

పేరు తప్పు పడితే ఎవరో ఒకరు చూసి చెబుతారు, దిద్దుకుంటాం. అదే $ఐడీ అయితే? అడుగునున్న ఫోన్ నంబర్ మార్పు ఫారంలో దాచిన ఫీల్డుగా ఆ ఐడీ వెళ్లిందంటే, రైతు తన నంబర్ మార్చుకుంటున్నాననుకుంటూ ఒక వ్యాపారి నంబర్ మార్చే ప్రమాదం ఉంది. ఎర్రర్ రాదు. పేజీ అందంగానే కనబడుతుంది. తప్పు బయటపడేది ఆ వ్యాపారికి మెసేజ్‌లు ఆగిపోయినప్పుడే.

ఇంతకంటే వింతగా కనిపించేది రెఫరెన్స్ తెచ్చే చిక్కు. అదే పేజీలో $రకాలు అనే జాబితాలో తేజ, బ్యాడిగి, 334, సూపర్ టెన్ ఉన్నాయి. పై బ్లాకులో ధరలు సవరించడానికి లూప్ తిప్పుతూ, అసలు జాబితానే మార్చాలి కాబట్టి $రకం ముందు & గుర్తు పెట్టారు. కింద టేబుల్‌లో చూపించడానికి, & లేకుండా, అదే $రకంతో మళ్లీ లూప్ తిప్పారు. తెర మీద తేజ, బ్యాడిగి, 334, మళ్లీ 334 వస్తాయి. సూపర్ టెన్ మాయం. మొదటి లూప్ ముగిసినా $రకం జాబితాలోని చివరి గడిని పట్టుకునే ఉంటుంది. రెండో లూప్ ప్రతిసారీ $రకంలో కొత్త విలువ వేస్తుంటే, అది వెళ్లి ఆ చివరి గడిలోనే పడుతుంది. మూడో అడుగులో అక్కడ 334 పడింది. నాలుగో అడుగులో చదివింది ఆ 334నే. మొదటి లూప్ కాగానే అన్‌సెట్ చేసి ఆ పట్టు విడిపించమని పీహెచ్‌పీ మాన్యువల్ చాలా ఏళ్లుగా హెచ్చరిస్తూనే ఉంది. రెండు లూపులూ పక్కపక్కనే ఉంటే ఎవరైనా పట్టుకుంటారు. మధ్యలో రెండు వందల లైన్ల హెచ్‌టీఎంఎల్ ఉన్నప్పుడు అనుభవజ్ఞులకు కూడా సగం రోజు పోతుంది.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది మాత్రం చడీచప్పుడు లేకుండా జరిగేది. లాటులో తేమ ఎక్కువుంటే క్వింటాకు 200 రూపాయల కోత వేయాలనుకుందాం. లూప్ లోపల, తేమ హద్దు దాటితే $కోత 200 అని ఇఫ్ రాశారు. హద్దు దాటకపోతే ఏమిటన్నది రాయలేదు. మొదటి లాటు తడిసింది, కోత 200. రెండో లాటు బాగా ఎండింది. ఇఫ్ లోపలికి పోలేదు, కానీ $కోతలో పాత 200 అలాగే ఉంది. ఆ రైతుకూ కోత పడింది. మూడో రైతుకూ పడింది. పలక తుడవకుండా రెండో లెక్క వేసినట్టు, పై వరుసలోని అంకె కింది వరుసలన్నింటికీ అంటుకుంటూ పోతుంది.

దీన్ని పట్టుకోవడం ఎందుకు కష్టమో గమనించండి. తడిసిన లాటు జాబితాలో చివర ఉంటే లెక్క సరిగ్గానే వస్తుంది. మొదట ఉంటే దాని తర్వాతి అందరికీ తప్పుతుంది. పరీక్షించేటప్పుడు వేసుకున్న నాలుగు వరుసల్లో ఏది ముందుంది అన్నదాన్నిబట్టి ప్రోగ్రాము పాసవుతుంది, లేదా ఫెయిలవుతుంది. విలువే ఇవ్వని వేరియబుల్‌ను చదివితే పీహెచ్‌పీ 7 దాకా నోటీస్ ఇచ్చేది. 2020 నవంబరులో వచ్చిన 8.0 దాన్ని వార్నింగ్‌గా పెంచింది. మంచి మార్పే. అయితే ఆ వార్నింగ్ ఖాళీని చూసి అరుస్తుంది. తప్పుడు సరుకు నిండుగా ఉన్నప్పుడు అరవదు. దీనికి మందు ఒక్క లైను: లూప్ లోపల అడుగుపెట్టగానే $కోత = 0; అని రాయడం. ఆ ఒక్క లైను ఎందుకు రాయాలో తెలిసిన విద్యార్థికి వేరియబుల్ పరిధి తెలిసినట్టు. లెక్చరర్ చెప్పారు కాబట్టి రాసే విద్యార్థి రెండో ప్రాజెక్టులో మరిచిపోతాడు.

ఈ సడలింపంతా ఎక్కణ్నుంచి వచ్చిందంటే భాష పుట్టుక చూడాలి. గ్రీన్‌లాండ్‌లో పుట్టిన ప్రోగ్రామర్ రాస్మస్ లెర్డార్ఫ్ 1994లో తన రెజ్యూమె పేజీని ఎంతమంది చూస్తున్నారో తెలుసుకోవడానికి సీ భాషలో కొన్ని చిన్న ప్రోగ్రాములు రాసుకున్నాడు. పర్సనల్ హోమ్ పేజ్ టూల్స్ పేరుతో 1995 జూన్ 8న వాటిని అందరికీ ఇచ్చాడు. హెచ్‌టీఎంఎల్ పేజీ ఒకటి ఉంటుంది, అందులో అక్కడక్కడా కాస్త లెక్క ఇమడాలి అన్నదే ఆలోచన. వేల లైన్ల ప్రోగ్రాములు అందులో రాస్తారని అప్పుడు ఎవరూ అనుకోలేదు. 1998లో ఆండీ గట్‌మాన్స్, జీవ్ సురాస్కీ కలిసి భాషను తిరగరాస్తే మూడో వెర్షన్ వచ్చింది. ఆ తర్వాత అది ఎంత పెరిగినా, పేజీ అంతా ఒకే గది అన్న పునాది మారలేదు.

ఆ రోజుల్లో పేర్ల ప్రయాణం ఇంకా విచ్చలవిడిగా ఉండేది. ఫారంలో ఒక ఫీల్డుకు ఏ పేరు పెడితే, సర్వర్‌లో ఆ పేరుతోనే వేరియబుల్ దానంతటదే పుట్టేది. రిజిస్టర్ గ్లోబల్స్ అనే సెట్టింగ్ మహిమ అది. రాసేవాళ్లకు ఎంతో హాయిగా ఉండేది. కానీ లాగిన్ సరిపోతేనే $అనుమతి ఔనని మార్చి, కింది బ్లాకులో ఆ $అనుమతి చూసి రహస్య పేజీ తెరిచే ప్రోగ్రాము ఉందనుకోండి. పైన దాన్ని కాదు అని మొదలుపెట్టకపోతే, ఎవరైనా అడ్రస్ బార్‌లో అనుమతి=1 అని తగిలించి తలుపు తీసుకోవచ్చు. పీహెచ్‌పీ మాన్యువల్లోనే దాదాపు ఇలాంటి ఉదాహరణ ఉండేది. 2002లో 4.2.0 వెర్షన్‌తో ఆ సెట్టింగ్‌ను డిఫాల్ట్‌గా ఆపేశారు. దానిమీద ఆధారపడ్డ పాత ప్రోగ్రాములు ఎన్నో ఒక్కసారిగా ఆగిపోయాయి. 2012లో 5.4తో పూర్తిగా తీసేశారు. భాషను నడిపేవాళ్లు తీసుకున్న మంచి నిర్ణయాల్లో ఇది ముందు వరుసలో నిలుస్తుంది. విచారమేమిటంటే, ఫారం నుంచి వచ్చిన మొత్తాన్ని ఎక్స్‌ట్రాక్ట్ అనే ఫంక్షన్‌కు ఇస్తే ఒక్క లైనులో ఆ పాత తలుపే మళ్లీ తెరుచుకుంటుంది. టైపింగ్ తగ్గుతుందని దాన్ని నేర్పే ట్యూటోరియళ్లకు దూరంగా ఉండటం మేలు.

వర్డ్‌ప్రెస్‌తో పనిచేసేవాళ్లకు ఈ కథంతా మరో రూపంలో పరిచయమే. అక్కడ పేజీలో ఇప్పుడు ఏ వ్యాసం చూపిస్తున్నామన్నది పోస్ట్ అనే ఒక గ్లోబల్ వేరియబుల్‌లో ఉంటుంది. శీర్షిక చూపించే ఫంక్షన్, లింకు ఇచ్చే ఫంక్షన్, తేదీ ఇచ్చే ఫంక్షన్ అన్నీ దాన్నే చూస్తాయి. వార్త కింద సంబంధిత వార్తలు అనే పెట్టె కోసం ఇంకో క్వెరీ రాసి లూప్ తిప్పితే, ఆ గ్లోబల్‌లో ఇప్పుడు సంబంధిత వార్తల్లో చివరిది కూర్చుంటుంది. దాని కింద వాట్సాప్‌లో పంపండి అనే బటన్ ఉంటే, పాఠకుడు చదివిన వార్త ఒకటి, మిత్రుడికి వెళ్లే లింకు ఇంకొకటి. లూప్ అవగానే రీసెట్ పోస్ట్‌డేటా ఫంక్షన్‌ను పిలిచి అసలు వార్తను తిరిగి తెచ్చిపెట్టాలని వర్డ్‌ప్రెస్ పుస్తకాలన్నీ చెబుతాయి. ఎందుకు పిలవాలో తెలియక, ఎక్కడ పిలవాలో తెలియక చాలామంది దాన్ని ఒక మంత్రంలా తగిలిస్తారు.

అదే వర్డ్‌ప్రెస్‌లో దీనికి సరిగ్గా ఎదురు ఇబ్బందీ ఉంది. మామూలు ఇన్‌క్లూడ్‌తో ఇంకో ఫైలును తెస్తే, తెచ్చిన లైను దగ్గర ఏ పేర్లు కనిపిస్తాయో అవన్నీ ఆ ఫైలుకూ కనిపిస్తాయి. కానీ గెట్ టెంప్లేట్ పార్ట్ అనే ఫంక్షన్ ద్వారా తెచ్చిన ఫైలుకు మన పేజీలో పెట్టుకున్న వేరియబుళ్లు కనిపించవు. ఆ ఫైలు లోడయ్యేది ఫంక్షన్ లోపల. ఫంక్షన్‌కు సొంత పరిధి. నిన్నటిదాకా పనిచేసిన పేరు ఇవాళ ఎందుకు ఖాళీ అని కొత్తవాళ్లు తల పట్టుకునేది ఇక్కడే. గత్యంతరం లేక గ్లోబల్ అని ప్రకటించి కానిచ్చేవారు. 2020 ఆగస్టులో వచ్చిన 5.5 వెర్షన్‌లో ఆ ఫంక్షన్‌కు ఆర్గ్యుమెంట్లు ఇచ్చే వీలు కల్పించారు. ఏ విలువ కావాలో చేతికిచ్చి పంపడం అన్నది ఎంత పెద్ద ఊరట తెచ్చిందో థీములు రాసేవాళ్లకే తెలుసు.

బ్లాకు నుంచి బ్లాకుకు విలువ వెళ్తుంది కదా, పేజీ నుంచి పేజీకి కూడా వెళ్తుందనుకోవడం విద్యార్థుల్లో సహజంగా వచ్చే పొరపాటు. వెళ్లదు. బ్రౌజర్ అడిగింది, సర్వర్ పేజీ తయారుచేసి పంపింది, అంతే. ఆ పేజీలోని పేర్లన్నీ అప్పుడే పోతాయి. తర్వాతి క్లిక్‌కు అంతా మళ్లీ మొదలు. విలువ నిలవాలంటే సెషన్‌లోనో, డేటాబేస్‌లోనో దాచుకోవాలి. ఇది తెలియక ధరను దాచిన ఫీల్డులో పెట్టి తర్వాతి పేజీకి పంపేవాళ్లున్నారు. దాచినదంటే తెర మీద కనబడనిది, అంతవరకే. బ్రౌజర్‌లో రెండు క్లిక్కులతో 4,500ను 45గా మార్చి పంపొచ్చు. ధరను ప్రతిసారీ సర్వర్‌లోనే డేటాబేస్ నుంచి తీసుకోవాలి.

క్లిక్కు క్లిక్కుకూ అన్నీ పోవడం లోపంగా కనిపిస్తుంది. నిజానికి అది ఈ భాష మనకిచ్చిన గొప్ప రక్షణ. ఇంజనీరింగ్ కాలేజీల్లో పక్కనే నేర్పే జేఎస్‌పీతో పోల్చి చూడండి. అక్కడ మామూలు <% %> గుర్తుల మధ్య ప్రకటించిన పేరు ఆ అభ్యర్థనకే పరిమితం. ఒక్క ఆశ్చర్యార్థకం చేర్చి <%! %> మధ్య ప్రకటిస్తే, అది ఆ పేజీని చూస్తున్న అందరికీ ఉమ్మడి సొత్తయిపోతుంది. ఒకరి పేరు ఇంకొకరి తెర మీద పడే అవకాశం ఆ ఒక్క గుర్తులో ఉంది. పీహెచ్‌పీలో ఎంత అజాగ్రత్తగా రాసిన మామూలు వేరియబులైనా ఒక మనిషి పేజీ నుంచి ఇంకొకరి పేజీలోకి దూకదు. అయితే స్వూల్, లారావెల్ ఆక్టేన్ లాంటి పీహెచ్‌పీ పనిముట్లు వచ్చాక, వేగం కోసం ప్రోగ్రామును మెమరీలోనే నిలిపి ఉంచే పద్ధతి పెరుగుతోంది. అక్కడ స్టాటిక్ విలువలు ఒక అభ్యర్థన నుంచి ఇంకోదానికి మిగిలిపోతాయి. పరిధి పాఠం పాతబడలేదు, దాని అవసరం పెరిగిందనడానికి ఇది చాలు.

బ్లాకుల బయట ఉన్నదంతా ఎకోయే అన్న సూత్రం తెలుగులో రాసేవాళ్లను ప్రత్యేకంగా ఏడిపించిన సందర్భం ఒకటుంది. సెషన్ మొదలుపెట్టాలన్నా, ఇంకో పేజీకి పంపించాలన్నా, పేజీకన్నా ముందు పంపాల్సిన హెడర్లు అనే సూచనలు బయటికి వెళ్లేలోపు ఒక్క అక్షరం కూడా బ్రౌజర్‌కు చేరకూడదు. మొదటి ట్యాగుకు ముందు ఖాళీ లైను ఉన్నా అది అక్షరమే. పేజీలో తెలుగు ఉంది కాబట్టి ఫైలును యూటీఎఫ్-8లో భద్రపరచాలి. పాత విండోస్ నోట్‌ప్యాడ్‌లో అలా భద్రపరిస్తే ఫైలు మొదట్లో బామ్ అనే మూడు బైట్లు తనంతట తానే చేర్చేది. అవి కంటికి కనబడవు. సర్వర్ వాటిని ముందుగా బయటికి పంపేస్తుంది, హెడర్లు ఇప్పటికే వెళ్లిపోయాయని ఎర్రర్ కొడుతుంది. మొదటి లైనులో ఏమీ లేదు కదా అని గంటల తరబడి వెతికినవాళ్లు ఎందరో. విండోస్ 10కు 2019లో వచ్చిన అప్‌డేట్ తర్వాత నోట్‌ప్యాడ్ బామ్ లేకుండానే భద్రపరుస్తోంది. ఫైలు నిండా పీహెచ్‌పీయే ఉన్నప్పుడు చివర మూసే ట్యాగు పెట్టవద్దని పీఎస్ఆర్-12 ప్రమాణం చెప్పడానికి కారణమూ ఇదే. ట్యాగు తర్వాత మిగిలిన ఖాళీ లైన్లు కూడా ఎకో అవుతాయి.

ఇన్ని చిక్కులుంటే హెచ్‌టీఎంఎల్‌లో పీహెచ్‌పీ కలపడమే మానేయొచ్చు కదా అంటారు కొందరు. ఆ వాదనలో పస ఉంది, అయినా ఒప్పుకోవలసిన పనిలేదు. టెంప్లేట్ ఇంజిన్లు మేలు చేస్తాయి. ట్విగ్‌లో లూప్ లోపల పుట్టిన పేరు బయటికి రాదు. లారావెల్ వాడే బ్లేడ్‌లో జోడు మీసాల బ్రాకెట్ల మధ్య రాసిన విలువలోని ప్రమాదకరమైన ట్యాగులు వాటంతటవే నిర్వీర్యమవుతాయి. మామూలు పీహెచ్‌పీలో ఆ పని హెచ్‌టీఎంఎల్ స్పెషల్ చార్స్ ఫంక్షన్‌తో మనమే చేసుకోవాలి. కానీ బ్లేడ్ ఫైలు చివరికి మామూలు పీహెచ్‌పీగానే మారి నడుస్తుంది. అందులో లూప్ పేరు లూప్ తర్వాత కూడా బతికే ఉంటుంది. అడుగున ఉన్న భాష తెలియకుండా పైన పరిచిన పనిముట్టును నమ్ముకుంటే చిక్కు చోటు మారుతుందే తప్ప తీరదు. నాలుగు పేజీల సైటుకు పెద్ద ఫ్రేమ్‌వర్క్ తెచ్చిపెట్టడమూ పిల్లలకు భారమే.

కావలసింది రాసే తీరులో ఒక కట్టుబాటు. ఫైలు పైభాగంలో డేటాబేస్ అడగడం, లెక్క కట్టడం, నిర్ణయాలు తీసుకోవడం అన్నీ ఒక్క బ్లాకులో ముగించాలి. అక్కణ్నుంచి కింద హెచ్‌టీఎంఎల్ మొదలయ్యాక చూపించడం తప్ప కొత్త లెక్కలు ఉండకూడదు. కింద ఏ బ్లాకూ పైన తయారైన పేరుకు కొత్త విలువ ఇవ్వకూడదు. $పేరు అని వదిలేయకుండా $రైతు_పేరు, $వ్యాపారి_పేరు అని పూర్తిగా రాస్తే మిర్చి పేజీలో మొదటి చిక్కు పుట్టేదే కాదు. పేజీలో మళ్లీ మళ్లీ వచ్చే ముక్కను ఫంక్షన్‌గా రాసి, కావలసిన విలువలు చేతికిచ్చి పిలవాలి. పది లైన్ల ల్యాబ్ ప్రోగ్రాముకు ఇంత దేనికని అనిపిస్తుంది. పది లైన్లప్పుడు అలవాటు కానిది వెయ్యి లైన్లప్పుడు కాదు.

అధ్యాపకులకు ఇందులో పెద్ద ఖర్చేమీ లేదు. వైవాలో ఎకో అంటే ఏమిటని అడిగే బదులు, రెండు లూపులున్న ఒక పేజీ ప్రింటు చేతికిచ్చి, నాలుగో వరుసలో ఏం పడుతుందో చెప్పమనండి. లూప్ లోపల సున్నాతో మొదలుపెట్టని $కోత ఒకటి ఇచ్చి, ఏ వరుస క్రమంలో లెక్క తప్పుతుందో రాయమనండి. పీహెచ్‌పీస్టాన్ లాంటి ఉచిత పనిముట్టు విలువ అందకపోయే అవకాశమున్న వేరియబుళ్లను ప్రోగ్రాము నడపకముందే చూపిస్తుంది. ల్యాబ్ సిస్టముల్లో ఎక్స్‌ఏఎమ్‌పీపీతో పాటు దాన్నీ పెట్టించడానికి ఒక్క పూట చాలు.

ఇప్పటికే సైట్లు నడుపుతున్నవాళ్లకూ దీంతో పని ఉంది. విలువ ఇవ్వని వేరియబుల్‌ను చదవడాన్ని పీహెచ్‌పీ 9 నుంచి వార్నింగ్‌తో వదలకుండా పూర్తి ఎర్రర్‌గా మార్చాలని భాషను నడిపే బృందం 2022లో ఓటింగ్ పెట్టి తీర్మానించింది. ఇవాళ ఖాళీగా పడుతున్న గడి దగ్గరే రేపు పేజీ ఆగిపోతుంది. లైవ్ సర్వర్లలో ఎర్రర్లను తెర మీద చూపించకుండా ఆపేయడం మామూలు కాబట్టి, ఆ వార్నింగులు ఇప్పుడు ఎవరి కంటా పడకుండా లాగ్ ఫైలులో పేరుకుంటూ ఉంటాయి. హోస్టింగ్ ప్యానెల్‌లో ఎర్రర్ లాగ్ తెరిచి, అందులో నిర్వచించని వేరియబుల్ అని ఉన్న ప్రతి లైనునూ, అది చెప్పే ఫైలు పేరు, లైను నంబరు పట్టుకుని, ఈ నెలలోనే సరిచేయించుకోవడం మంచిది.